వెనక బెంచీ

విమానాశ్రయంలో ఆడవాళ్ళ బాత్రూముల అద్దాల మీద రోజూ బొట్టుబిళ్ళలు దొరుకుతాయి. ముఖం కడుక్కునేటప్పుడు తీసి అద్దానికి అంటిస్తారు, విమానం పిలుపు వినపడగానే అక్కడే వదిలేసి పరుగెత్తుతారు. సుమలత వాటిని గోటితో గీకి తీసి, ఆ చోట మందు చల్లి, రబ్బరు పట్టీతో పైనుంచి కిందికి ఒక్క లాగు లాగుతుంది. ఆ తర్వాత తలుపు వెనక కార్డు మీద టైము వేసి సంతకం పెడుతుంది. తన నుదుటి మీద బొట్టు లేక పదకొండేళ్ళయింది.

"నువ్వు పెట్టుకునేది లేదు గని, తీసేటి పని మాత్రం నీదే అక్కా" అంది అఖిల, తడిగుడ్డ పిండుతూ.

సుమలత నవ్వలేదు. బొట్టు గురించి పరాచికాలు ఆమెకు నచ్చవు. అఖిలకు ఆ సంగతి తెలుసు, తెలిసే అంటుంది. ఇద్దరూ తమ ఊరు పాల్మాకులలోని క్రైస్తవ సహవాసంలో విశ్వాసులు. అక్కడ ప్రతి ఆదివారం రొట్టె విరుస్తారు. ఒకే రొట్టె, ఒకే పాత్ర, ఒకే బల్ల. తప్పు చేసినవాళ్ళు కొన్ని వారాలు వెనక బెంచీలో కూర్చోవాలి, పళ్ళెం వాళ్ళను దాటి పోతుంది. దాన్ని శిక్ష అనరు, ఆగి ఉండటం అంటారు. రెండేళ్ళ కిందట అఖిల సూపర్‌వైజరు పెట్టిన బోనాల ప్రసాదం తిని నాలుగు వారాలు అలా ఆగింది. పెద్దలకు చెప్పింది సుమలతే. అఖిల ఆ సంగతి మరిచిపోలేదు, అలాగని మాట్లాడటమూ మానలేదు. ఒకే బస్సు, ఒకే షిఫ్టు. పగ పెట్టుకోవడానికైనా తీరిక ఉండాలి కదా.

గురువారం మధ్యాహ్నం షిఫ్టు దిగి సుమలత ఇంటికి వచ్చేసరికి, ఎదురింటి ముందు షామియానా కర్రలు పాతుతున్నారు. ఆ ఇల్లు పెంటయ్యది. ఆయన కొడుకు జగన్ ఎయిర్‌పోర్టు క్యాబ్ నడిపేవాడు. తొమ్మిది రోజుల కిందట పార్కింగులో వంతు కోసం ఆగి, సీట్లో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. ముప్పై నాలుగేళ్ళు. శుక్రవారం దినాలు.

సుమలత భర్త వీరేందర్ అన్నం తింటున్నాడు. ఆమె కూడా కంచం ముందుకు లాక్కుంటుండగా, పెంటయ్య భార్య రుక్మిణమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఐదేళ్ళలో ఆమె ఆ గడప దాకా రావడం అదే మొదలు. సుమలత ఇచ్చిన సువార్త కరపత్రాలు మాత్రం ఆమె ఇంట్లో బాగానే పనికొచ్చాయి. కారం పొట్లాలు కట్టింది, బియ్యం డబ్బా అడుగున పరిచింది. అది సుమలత కళ్ళారా చూసిందే.

"కూసో పెద్దమ్మా" అంది సుమలత.

"కూసోను బిడ్డా. నీతోని పనుండి వొచ్చిన." రుక్మిణమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "రేపు కోడలికి గాజులు తియ్యాలె. గా పని చేసే ముసలామె తుంటి ఇరిగి దవాఖానల పడ్డది. మా చుట్టాల ముసలామె ఒకతి కొత్వాల్‌గూడ నుంచి వొస్తది గని, ఆమెకు కండ్లు కనపడయి, చేతులు వణుకుతయి."

"కళ్యాణి లేదా?" అంది సుమలత. ఆ వీధిలో ఇంకో వితంతువు కళ్యాణే.

"అడిగిన. నాకు చేసింది సాలు, ఇంకొకదానికి నా చేతుల్తోటి చెయ్య అని మొఖం మీదనే తలుపేసింది. పుస్తె ఉన్నోళ్ళు చెయ్యొద్దు, ఆళ్ళ మొగలకు కీడు." ఆమె సుమలత చేతుల వైపు చూసింది. "నీకు బొట్టు లేదు, గాజుల్లేవు, మెడల పుస్తె లేదు. నీకేమంటది? జర వొచ్చి కానిచ్చి పో."

వీరేందర్ ముద్ద నోటి దాకా తెచ్చి ఆపాడు. "పెద్దమ్మా, నేను బతికే ఉన్న."

"నూరేండ్లు బతుకు కొడుకా, నేనన్నది గది గాదు" అంది రుక్మిణమ్మ గాభరాగా. మళ్ళీ సుమలత వైపు తిరిగింది. "మీ అమ్మ గాజుల మలారం ఎత్తుకొని ఊరూరు తిరిగేది. నా పెండ్లికి గాజులేసింది ఆమెనే. ఒక్కటి సుత పలగలే. నీకు గా చెయ్యి ఒచ్చే ఉంటది."

సుమలతకు కోపం వచ్చింది. భర్త బతికుండగానే తనను వితంతువుల లెక్కలో వేశారని కోపం. అంతకన్నా, ఇన్నేళ్ళుగా తన బోసి నుదురును సాక్ష్యం అనుకుంటే, ఎదురింటివాళ్ళు దాన్ని ఇంకోలా చదువుకున్నారని కోపం. కానీ ఎదురుగా ఉన్నది కొడుకు పోయిన తల్లి.

"మా పెద్దల్ని అడిగి చెప్త" అంది.

రుక్మిణమ్మ వెళ్ళాక సహవాసం పెద్ద కృపావరం గారికి ఫోన్ చేసింది. ఆయన బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. గుంటూరు వైపు మనిషి. ప్రతి ఆదివారం అత్తాపూర్ నుంచి ఎక్స్‌ప్రెస్‌వే మీదుగా భార్య నాగమణితో కారులో వచ్చి పాల్మాకులలో రొట్టె విరుస్తారు. వీరేందర్‌కు డెంగీ వచ్చినప్పుడు రెండు రోజులు ఆస్పత్రి కుర్చీలో కూర్చున్న మనిషి. ఆయన మాట సుమలతకు చాలా విలువైనది.

ఆయన అంతా విన్నారు.

"సిస్టర్, వాళ్ళ దుఃఖం నాకు అర్థమైంది. కానీ అది కర్మ. అందులో చెయ్యి పెట్టడమంటే పాలు పంచుకోవడమే. మనల్ని లోకం నుంచి వేరు చేసింది ఇలాంటి వాటి కోసమే కదా."

"ఐదేండ్ల సంది గా తలుపు కొడుతున్న బ్రదర్. లోకంలకు పోవాలె, చెప్పాలె అని మీరే అంటరు. గిప్పుడు ఆళ్ళే తలుపు తెరిసిన్రు."

"తెరిచింది ప్రభువైతే ఎల్లుండి కూడా తెరిచే ఉంటుంది. కర్మ అయిపోనివ్వండి. శనివారం నేనూ నాగమణీ వస్తాం. కరపత్రాలు తెస్తాను, ఓదారుద్దాం."

"మంచిది బ్రదర్" అంది సుమలత. ఆమెకూ అదే సరి అనిపించింది. ఇంకొకరు అడిగితే తానూ అదే చెప్పేది.

శుక్రవారం ఆమెది రెండో షిఫ్టు. పొద్దున తొమ్మిదికి, రానని చెప్పడానికే ఎదురింటికి వెళ్ళింది. చెప్పి వెంటనే వచ్చేద్దామనుకుని చెప్పులు కూడా సరిగ్గా విడవలేదు.

ఇంటి వెనక బోరు దగ్గర పీట వేశారు. దాని మీద జగన్ భార్య భాగ్యలక్ష్మి కూర్చుని ఉంది. ముఖమంతా పసుపు, రూపాయంత బొట్టు, తల నిండా పూలు, రెండు చేతులకూ డజను డజను ఆకుపచ్చ గాజులు. పెళ్ళికూతురిని చేసినట్టే చేశారు, చివరిసారి అని. పుస్తె ఉన్న ఆడవాళ్ళందరూ ఇంట్లోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నారు. రుక్మిణమ్మ గోడకు తిరిగి నిలబడింది. కొత్వాల్‌గూడ ముసలమ్మ ఒక చేత్తో భాగ్యలక్ష్మి మణికట్టు పట్టుకుని, ఇంకో చేత్తో గుండ్రాయి ఎత్తి, గాజులు ఎక్కడున్నాయో తడుముతోంది.

మొదటి దెబ్బకు ఒక గాజు పగిలి పెంకు చర్మంలోకి దిగింది. భాగ్యలక్ష్మి అరవలేదు, చెయ్యి వెనక్కి తీసుకోబోయింది. ముసలమ్మ వదల్లేదు, మళ్ళీ రాయి ఎత్తింది. నెత్తురు పసుపు మీదుగా మోచేతి దాకా జారింది.

"ఆగుండ్రి" అంది సుమలత.

ఆ మాట తన నోటి నుంచే వచ్చిందని ఆమెకు కాస్త ఆలస్యంగా తెలిసింది. అప్పటికే ముసలమ్మ చేతిలోంచి రాయి తీసి పక్కన పెట్టింది.

"పెద్దమ్మా, సబ్బు తే. గిన్నెల నీళ్ళు తే."

సబ్బు వచ్చింది. సుమలత పీట ముందు గొంతుక్కూర్చుని, పెంకు తీసి నెత్తురు కడిగింది. తర్వాత చేతికి మోచేతి దాకా నురగ పట్టించింది. బొటనవేలిని అరచేతిలోకి మడిచి, చిటికెనవేలి వైపు నొక్కి, వేళ్ళ ఎముకలన్నీ ఒకదాని కిందికి ఒకటి పోయేలా చెయ్యంతా కూడగట్టింది. భాగ్యలక్ష్మి చెయ్యి కట్టెలా బిగుసుకుని ఉంది.

"చెయ్యి నాకు ఇడిసిపెట్టు బిడ్డా. గిది నీది గాదనుకో" అంది సుమలత. అది ఆమె తల్లి మాట. గాజులు వేసేటప్పుడు ప్రతి ఆడపిల్లతోనూ అనేది. తీసేటప్పుడు అనాల్సి వస్తుందని ఆ తల్లి అనుకుని ఉండదు.

చెయ్యి మెల్లగా వదులైంది. ఒక్కో గాజు కణుపుల మీద ఆగి, సబ్బునురగలో జారి, బయటికి వచ్చింది. తీసిన గాజును తీసినట్టే గిన్నెలో వేసింది.

"పలగ్గొట్టాలె గని గిట్ల సాపుగ తీస్తే ఎట్ల? శాస్త్రం గాదు" అని ముసలమ్మ గొణిగింది.

"శాస్త్రం సాలుతీ అత్తా. ఊకో" అంది రుక్మిణమ్మ, గోడ వైపు నుంచి తిరక్కుండానే.

రెండో చెయ్యి కూడా అయ్యాక సుమలత తడిగుడ్డ తీసుకుని బొట్టు తుడిచింది. చెంపల మీద పసుపు కడిగింది. పూలు లాగకుండా పిన్నులు ఒక్కొక్కటీ విప్పి తీసింది. పుస్తెతాడు ముడి ఆమే విప్పి రుక్మిణమ్మ కొంగులో వేసింది. అదంతా అయ్యేదాకా భాగ్యలక్ష్మి ఆమె ముఖం వైపే చూస్తూ కూర్చుంది. పది రోజులుగా తన ముఖంలోకి ఎవరూ అంతసేపు చూడలేదు.

"నొప్పి లేదక్కా" అంది చివరికి.

సుమలత సంచిలో కరపత్రం ఉంది. ప్రభువు పేరు చెప్పడానికి అంతకన్నా మంచి ఘడియ దొరకదని ఆమెకు తెలుసు. కానీ సంచి తెరవలేదు. చేతులు కడుక్కుని ఇంటికొచ్చి, యూనిఫాం వేసుకుని బస్సు ఎక్కింది.

బస్సులో అఖిల సీటు ఇచ్చింది. సంగతి అప్పటికే ఆమెకు చేరింది. ఊళ్ళో మాటకు టికెట్టు అక్కర్లేదు.

"నేనెవరికీ చెప్పను అక్కా" అంది.

"నేనే చెప్త" అంది సుమలత. ఇంకొకరి తప్పు చెప్పిన నోరు తన తప్పు మింగితే ఎలా?

శనివారం సాయంత్రం కృపావరం, నాగమణి ముందుగా పెంటయ్య ఇంటికి వెళ్ళారు. పెంటయ్య కుర్చీలు వేయించి మంచినీళ్ళు ఇప్పించాడు. కరపత్రాలు రెండు చేతులా అందుకుని కిటికీలో పెట్టాడు. కృపావరం పావుగంట ఓదార్పు మాటలు చెప్పారు. పెంటయ్య ఊకొట్టాడు. లేచేటప్పుడు రుక్మిణమ్మ బయటికి వచ్చి, "సుమలత రాలేదా?" అని మాత్రం అడిగింది.

అక్కణ్ణుంచి వాళ్ళు సహవాసం గదికి వచ్చారు. రేకుల కప్పు కింద పది బెంచీలు, ముందు ఒక బల్ల. సుమలత, రెండో పెద్ద ఐలయ్య అప్పటికే అక్కడున్నారు. ఆయనకు హైవే మీద పంక్చర్ల దుకాణం. ఎంత కడిగినా గోళ్ళలో నలుపు పోదు. మాట్లాడాల్సి వస్తే ఆ గోళ్ళే చూసుకుంటాడు.

"మీరే ఫోన్ చేసి చెప్పారు, సంతోషం" అన్నారు కృపావరం. "నేను వద్దన్న తర్వాత కూడా వెళ్ళి ఆ కర్మ చేశారా?"

"గాజులు తీసిన. బొట్టు తుడిసిన."

"అదే కర్మ సిస్టర్."

సుమలత కొంగు తల మీదికి సర్దుకుంది. ఎదురు చెప్పాలని రాలేదు. అయినా పొద్దుటి నుంచి లోపల తిరుగుతున్న మాట బయటికి వచ్చేసింది.

"నా బాప్తిస్మం నాడు కొత్వాల్‌గూడ నీళ్ళకాడ నాగమణక్క నా గాజులు తీసింది. తడిగుడ్డతోటి నా బొట్టు తుడిసింది. నేను గట్లనే చేసిన బ్రదర్. ఇంకోతీరు నాకు తెల్వదు."

రేకుల మీదుగా ఒక విమానం దిగుతూ పోయింది. ఆ గదిలో విమానం చప్పుడు తగ్గేదాకా ఎవరూ మాట్లాడరు, అది అలవాటు. నాగమణి ఒళ్ళో పెట్టుకున్న తన చేతుల వంక చూసుకుంటోంది.

"అది వేరు" అన్నారు కృపావరం, కాస్త మెల్లగా. "మీరు ఇష్టపడి తీయించుకున్నారు."

"ఔ. ఆమె ఇష్టపడలే. గందుకే సబ్బు పెట్టిన."

కృపావరం కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. ఆయన కఠినుడు కాడు. కానీ అఖిలకు ఒక న్యాయం, సుమలతకు ఒక న్యాయం ఉండకూడదని నమ్మే మనిషి. "నాలుగు వారాలు ఆగి ఉండండి" అన్నారు. "ఐలయ్యా?"

ఐలయ్య గోళ్ళు చూసుకుంటూ తలాడించాడు.

పెద్దల మాట సరైనదేనని సుమలత బుద్ధి ఒప్పుకుంది. ఏడుపు మాత్రం ఒప్పుకోలేదు. దారి పొడుగునా ఏడ్చింది. పదకొండేళ్ళలో ఒక్క ఆదివారం బల్ల తప్పలేదు. కొడుక్కి జ్వరం వచ్చినా, కంపెనీ వాళ్ళు సెలవు ఇవ్వకపోయినా, జీతం కోయించుకుని వచ్చింది. వారమంతా ఎవరెవరి మురికో కడిగే మనిషికి, ఆ ఒక్క రొట్టెముక్క చేతిలో పడే క్షణమే ఆ వారానికి అర్థం. అది లేకుండా నాలుగు వారాలు.

ఆదివారం పొద్దున ఆమె వెనక బెంచీలో గోడ పక్కన కూర్చుంది. వీరేందర్ మగవాళ్ళ వైపు నుంచి ఒకసారి తిరిగి చూసి తల దించుకున్నాడు. ముందున్న ఆడవాళ్ళంతా కొంగు కప్పుకున్న తలలు. ఎవరూ వెనక్కి చూడలేదు, మర్యాద కోసం.

మొదటి పాట అయ్యాక వెనక తలుపు కిర్రుమంది. తల నిండా కొంగు కప్పుకుని భాగ్యలక్ష్మి లోపలికి వచ్చింది.

"అక్కా, జర జరుగు."

సుమలత జరిగి గోడ పక్కన చోటిచ్చింది. "ఇంట్ల చెప్పొచ్చినవా?" అంది గుసగుసగా.

"అత్తమ్మకు చెప్పిన. ఎనక సందుల నుంచి పో, ఎవలకూ ఎదురు పడకు అన్నది." భాగ్యలక్ష్మి ఊపిరి తీసుకుని గది అంతా చూసింది. "ఇంట్ల ఊపిరాడ్తలేదక్కా. నేనొస్తుంటే లోపలికి పోతరు. గీడ ఎవ్వలకూ బొట్టు లేదు. నన్ను చూసి ఎవ్వలూ మొఖం తిప్పుకుంటలేరు. జరసేపు కూసుంట."

కృపావరం ఆమెను చూశారు. ఆయన ముఖం వెలిగింది, దాచుకోలేకపోయారు. ఐదేళ్ళుగా ఆ వీధి కోసం ఆయన కన్నీళ్ళతో ప్రార్థించిన మాట నిజం. నడవా వెంట వెనక దాకా నడిచి వచ్చారు.

"రండమ్మా, రండి. ముందుకొచ్చి కూర్చోండి. అక్కడ ఫ్యాను ఉంది."

"మంచిది. అక్క గూడ వస్తదా?"

"ఆమె..." కృపావరం ఆగారు. "ఆమె ఇవాళ వెనకే కూర్చోవాలమ్మా."

"ఎందుకు?"

నిజం చెబితే వచ్చిన మనిషి లేచి పోతుంది. అబద్ధం ఆయనకు రాదు. సుమలతే అందుకుంది.

"నేనే కూసున్న బిడ్డా. నువ్వు పో ముందుకు, మంచిగ వినపడ్తది."

ఆ మాట ఆమె మనస్ఫూర్తిగానే అంది. భాగ్యలక్ష్మి ముందుకు పోవాలనే ఆమె కోరిక. కానీ భాగ్యలక్ష్మి పాల్మాకుల పిల్ల. పొమ్మన్నంత మాత్రాన పోదు.

"నేనీడనే ఉంట" అంది.

కృపావరం తిరిగి వెళ్ళి బల్ల దగ్గర నిలబడ్డారు. రొట్టె కోసం కృతజ్ఞత చెల్లించారు. ఒక ఆత్మను నడిపించినందుకు కూడా చెల్లించబోయి, ప్రభువు ఎలా నడిపించాడో చెప్పాల్సిన చోట ఆపి ఆమేన్ అన్నారు. రొట్టె విరిచి పళ్ళెం ఐలయ్యకు ఇచ్చారు.

అప్పుడు ముందు వరసలోంచి నాగమణి లేచింది. బాత్రూముకేమో అనుకున్నారు అందరూ. ఆమె నడవా వెంట వెనక దాకా వచ్చి, సుమలతకు ఇవతల పక్కన కూర్చుంది. లావు మనిషి, బెంచీ కదిలింది.

ఐలయ్య పళ్ళెం వరసలన్నీ తిప్పి వెనక్కి తెచ్చాడు. ఆగి ఉన్నవాళ్ళను దాటి పోవడం ఆయనకు తెలుసు. నాగమణి ముందు ఎప్పటిలాగే పళ్ళెం చాపాడు. ఆమె రొట్టె తీసుకోలేదు.

సుమలత ఆమె వైపు వంగింది. "అక్కా, తీసుకో" అంది, గొంతు అదిమిపెట్టి. "నా కోసం గిట్ల చెయ్యకు. తప్పైతది."

"నీ కోసం కాదులే" అంది నాగమణి. ఐలయ్య వైపు చూసి, "పట్టుకెళ్ళు తమ్ముడూ" అంది.

సుమలతకు భయం వేసింది. బల్లతో ఆటలాడకూడదని ఆమె ఎంతమందికో చెప్పింది. ఆ భయంతో పాటే, సందేహం లేకుండా, సంతోషం కూడా వేసింది. రెండింటినీ ఒకేసారి ఏం చేసుకోవాలో తెలియక బెంచీ అంచు పట్టుకుంది.

పళ్ళెం బల్ల మీదికి చేరింది. చూడాల్సింది కృపావరం దూరం నుంచే చూశారు. నలభై ఏళ్ళ కాపురం, భార్య అలక ఏదో, నిర్ణయం ఏదో ఆయనకు తెలియనిది కాదు. తర్వాత ద్రాక్షరసం పాత్ర కోసం ప్రార్థన చేయాలి. ఆయన కుర్చీలో కూర్చున్నారు.

"ఐలయ్యా, నువ్వు చెయ్యి" అన్నారు.

ఐలయ్య బల్ల దగ్గర ఎన్నడూ ప్రార్థించినవాడు కాదు. లేచి నిలబడి, అలవాటు కొద్దీ గోళ్ళు చూసుకున్నాడు. తర్వాత తలెత్తి వెనక బెంచీ వైపు చూశాడు. కళ్ళు మూసుకోవడం మరిచిపోయాడు.

"ప్రభువా" అన్నాడు. "ముగ్గురు ఆడబిడ్డలు ఎనక కూసున్నరు. ఒకామెను మేమే కూసోబెట్టినం. ఒకామె కొత్తగ వొచ్చింది. ఒకామె ముందు నుంచి లేసి పోయింది. ఎవర్ని ముందుకు పిలవాల్నో నాకు తెల్వది. నీకు తెలుసు. ఆమేన్."

వెంటనే ఆమేన్ అనే సహవాసం అది. ఆ రోజు అనడానికి అందరికీ కొంత సేపు పట్టింది. భాగ్యలక్ష్మికి ఆ మాట తెలియదు. అందరూ అన్నాక, సుమలత వైపు చూసి, ఆమె కూడా అంది.